మూడో ఇంజను మా ఇంట్లోనే ఉండేది

పోయిన వారం పాత సామాన్లవాడు మా గల్లీలోకి వస్తే, అటక మీది సిల్వర్ గంజును దింపి వేసేద్దామనుకున్నాను. మా దగ్గర అల్యూమినియాన్ని సిల్వర్ అంటారు, వండుకునే గిన్నెను గంజు అంటారు. నా పెళ్ళికి మా అమ్మ పెట్టిన గంజు అది. గ్యాస్ పొయ్యి వచ్చాక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అడుగున మసి అట్ట కట్టి ఉంది. మసితో ఇస్తే వాడు గొణుగుతాడని కొబ్బరి పీచు, బూడిద పెట్టుకుని కూర్చున్నాను. తోమగా తోమగా అడుగున నక్షత్రాలు బయటపడ్డాయి.

ఒకదాని కింద ఒకటి, తొమ్మిది చిన్న నక్షత్రాలు. పంచ్‌తో కొట్టినవి. ప్రతి నక్షత్రం పక్కన ఒక గీత. గీత పక్కన ఖాళీ.

గంజు ఒళ్ళో పెట్టుకుని వాకిట్లోనే కూర్చుండిపోయాను. బయట వాడు "అమ్మా, ఇస్తరా ఇయ్యరా?" అని అడుగుతూనే ఉన్నాడు. జర ఆగమన్నాను. ఆ ఖాళీ జాగాలు తొమ్మిదీ నావే.

నక్షత్రాలు కొట్టిన మనిషిని గౌలిపురాలో అందరూ సార్జెంట్ సాబ్ అనేవారు. అసలు పేరు పోస్ట్‌మ్యాన్‌కు మాత్రమే తెలుసు. పాలమ్మే మల్లమ్మ బర్ల కొట్టం పక్కనున్న ఒంటి గదిలో అద్దెకుండేవాడు. పెళ్ళాం, పిల్లలు లేరు. ఇంట్లో కూడా ఇస్త్రీ చేసిన ఖాకీ నిక్కరు, తెల్ల బనీను వేసుకునేవాడు. చెవి మీద పెన్సిలు, ఆ పెన్సిలుకు దారం, దారం రెండో కొస మెడలో. పెన్సిలు జారి ఇంజన్లో పడితే ఎలా అని. గౌలిపురాలో ఇంజన్లు ఎక్కడున్నాయని మీరడిగితే, అక్కడికే వస్తున్నాను.

నేను కోడలిగా వచ్చిన మొదటి సోమవారం, పొద్దున్నే గుమ్మం దగ్గర ఎవరో మూడుసార్లు దగ్గారు. మా అత్తమ్మ చటుక్కున లేచి, ఇంట్లో ఉన్న సిల్వర్ బోళ్ళన్నీ తెచ్చి వాకిట్లో వరసగా బోర్లించింది. ఖాకీ నిక్కరు మనిషి ఒకడు చిన్న సుత్తె, చంకలో పొడుగాటి రిజిస్టరు పెట్టుకుని లోపలికొచ్చాడు. బోళ్ళ సొట్టలు తీసేవాడనుకున్నాను.

"సొట్టకు ఎంత తీస్కుంటవ్?" అన్నాను.

అత్తమ్మ నా చెయ్యి గిల్లింది. ఆయన ఏమీ అనుకోలేదు. ఒక్కో బోళెను సుత్తెతో టంగుమనిపించి, చెవి ఆనించి విని, రిజిస్టరులో టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. నా గంజు దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ విన్నాడు.

"గిది కొత్తగొచ్చిందా?"

"మా అమ్మ పెట్టింది. చార్మినార్ కాడ కొన్నరు."

"నంబర్ త్రీ ఇంజన్," అన్నాడు. ఆ మాటతో పాటే రాసుకుంటున్నాడు. "కుడి రెక్క, లోపలి దిక్కు. ఇన్ని దినాలసంది ఏడున్నదో అనుకుంటున్న."

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆవిడ నా చెవిలో, "అవునంటె అయిపాయె, ఊకో. మన చెంబు తోకల ఉన్నది. ఎనిమిది నెల్లాయె, ఏం ఇబ్బంది లేదు," అంది.

సంగతి ఏమిటంటే, సార్జెంట్ సాబ్ ఏర్‌ఫోర్స్‌లో విమానం ఒంటికి రేకు వేసే పని చేశాడు. లిబరేటర్ అని నాలుగింజన్ల బాంబరు. పెద్ద యుద్ధం కోసం అమెరికాలో తయారైంది. యుద్ధం అయిపోయాక ఆ విమానాలు ఇంకెవరికీ పనికి రాకూడదని, వదిలిపోయే తెల్లవాళ్ళు ఇంజన్లలో ఇసుక పోసి, మీటర్లు పగలగొట్టి, కాన్పూరులో పారేసి పోయారట. మనవాళ్ళు వాటిని ఏరుకొచ్చి, అతికించి, మళ్ళీ లేపారు. ఇరవై ఏళ్ళ పైచిలుకు సముద్రం మీద కాపలా తిప్పారు. సార్జెంట్ సాబ్ కుర్రతనం, నడివయసు రెండూ వాటి పొట్ట కిందే గడిచాయి. అరవైల ఆఖరున వాటిని సర్వీసులోంచి తీసేశారు. ఆయన కూడా పెన్షన్ పుచ్చుకుని ఇల్లు చేరాడు.

ఇల్లు చేరాక తెలిసిందట, చార్మినార్ దగ్గర బోళ్ళ దుకాణం సేటు ప్రతి గంజునూ "ఇమానం మాల్ అమ్మా, ఇమానం కరగవోసి చేసిండ్రు" అని అమ్ముతున్నాడని. గౌలిపురా మొత్తం ఆ దుకాణంలోనే కొంటుంది. పాల క్యాన్లతో సహా. ఆ మాట విన్న మరుసటి సోమవారమే సార్జెంట్ సాబ్ సుత్తె తీసుకుని బయల్దేరాడు.

ఆ రిజిస్టరులో రెండు గడులుండేవి. విమానం లేచే ముందు, బాగుందని చూసిన మెకానిక్కు ఒక గడిలో సంతకం పెడతాడు. నడిపేవాడు దాని పక్క గడిలో పెట్టి ఎక్కుతాడు. రెండు సంతకాలు పడనిది చక్రం కదలదు. గల్లీలోనూ అదే పద్ధతి. ఆయన చూసి పెడతాడు, బోళె ఎవరిదో వాళ్ళు పక్కన పెట్టాలి. ఇది వారం వారం. ఆర్నెల్లకోసారి పెద్ద తనిఖీ, అప్పుడు బోళె అడుగున ఆయన పంచ్‌తో నక్షత్రం, గీత కొట్టి ఇస్తే, మనం గీత పక్కన మన గుర్తు కొట్టాలి. మల్లమ్మ చుక్క కొట్టేది. మా అత్తమ్మ త్రిశూలం లాంటిది కొట్టేది, అది తన పేరులో మొదటి అక్షరమని ఆవిడ నమ్మకం.

నేను మాత్రం పెట్టనన్నాను.

నాకప్పటికే నయాపూల్ దగ్గర కోర్టులో టైపిస్టు ఉద్యోగం. నకళ్ళు తీసే సెక్షను. చేరిన రోజే పెద్ద గుమాస్తా ఒకటే చెప్పాడు, అసలుతో సరిచూడని నకలు మీద సంతకం పెట్టకు, పెడితే ఉద్యోగం పోతుందని. నేను కొత్త ముల్లా రకం, నియమాల మీద ఉత్సాహం ఎక్కువ. ఆ మాటను ఇంటికి కూడా మోసుకొచ్చాను.

"ఇది గంజు, బాపూ. నువ్వు ఇంజనని రాసినవ్. నేనెట్ల పెడ్త సంతకం?" అన్నాను.

ఆయన వాదించలేదు. గీత కొట్టి, పక్కన వేలితో తుడిచాడు. "జాగా ఉంటది బిడ్డా," అన్నాడు.

సామాన్లు లెక్కపెట్టుకోవడం ఆయనకు పెద్ద జబ్బు. సుత్తె, పంచ్, చిన్న కటింగ్ ప్లేయరు, గుడ్డ. నేల మీద కాన్వాసు పరిచి, దాని మీద ఒక్కోదాని ఆకారం గీసిన చోట దాన్ని పెట్టేవాడు. పని అయ్యాక ఏ ఆకారమూ ఖాళీగా ఉండకూడదు. విమానం కడుపులో ఒక్క పానా మరిచిపోతే పది మంది పోతారట. ఆ లెక్క ఆయన సామాన్లతో ఆగేది కాదు. పక్కనే ఉన్న మా చెంచాలు కూడా లెక్కపెట్టేవాడు. ఒకసారి ఒక చెంచా తక్కువొచ్చింది. నాకు ఆఫీసు టైమవుతోంది. ఆయన వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"చెంచ దొర్కందే ఎవ్వరు బయటికి పోవద్దు."

"బాపూ, నాకు బస్సు పోతది."

"బస్సు పోతె ఇంకోటొస్తది. చెంచ ఇంజన్ల వోతె?"

"ఏ ఇంజన్ల?"

"గదే చూస్తున్న," అన్నాడు.

ముక్కాలు గంట వెతికాం. మామిడికాయ తొక్కు జాడీలో దొరికింది. ఆయన దాన్ని కడిగి, ఎండకు పెట్టి, రిజిస్టరులో రాసుకుని, నాకు సలాం కొట్టి వెళ్ళాడు. ఆఫీసులో ఆలస్యానికి కారణం అడిగితే, చెంచా పోయిందన్నాను. వెండిదా అన్నారు. కాదన్నాను. ఇంక ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంత తిక్కను గల్లీ ఎందుకు భరించిందంటే, ఆయన చెవి అబద్ధం చెప్పేది కాదు. ఒకసారి మల్లమ్మ పాల క్యానును టంగుమనిపించి, పిడికి ఎర్రగుడ్డ కట్టాడు. ఎర్రగుడ్డ కట్టిందంటే వాడకూడదని. మల్లమ్మ గుడ్డ విప్పి పారేసి పాలు పోసుకుపోయింది. చార్మినార్ చేరేసరికి అడుగు నెర్రె విచ్చి, సగం పాలు రోడ్డు మీద. వచ్చి ఆయన గది ముందు క్యాను పెట్టి, "నీ నోరు పాడుగాను, ముందుగాల జెప్తె ఏమాయె?" అని లొల్లి పెట్టుకుంది.

"ఎర్రగుడ్డ కట్టిన గద."

"గుడ్డ మాట్లాడ్తదా?"

ఆ నాటి నుంచి ఎర్రగుడ్డ కట్టిన బోళెను మా గల్లీలో ఎవరూ పొయ్యెక్కించలేదు. ఓ పెళ్ళివారు బువ్వ వండే పెద్ద దేగిసాకు ఎర్రగుడ్డ పడితే, ముహూర్తం దగ్గర పెట్టుకుని పక్క వాడకు పోయి ఇంకో దేగిసా తెచ్చుకున్నారు.

ఎవరైనా "అంత మంచిగనే ఉన్నది" అంటే, ఆయన కళ్ళు చిన్నవి చేసి ఒకటే అడిగేవాడు. "చూసినవా, చూసిననుకున్నవా?"

ఈ తిరుగుళ్ళన్నిటి వెనక ఆయనకు కావలసింది ఒకటుందని నాకు ఉత్తరాల దగ్గర తెలిసింది. ఒక పెద్ద ఆఫీసరుకు ఇంగ్లీషులో ఉత్తరం రాయాలి, టైపు చేసి పెట్టమని వచ్చాడు. రిజిస్టరు తెరిచి ఒక పేజీ చూపించాడు. అసలు పుస్తకం ఎప్పుడో ఆఫీసు బీరువాలోకి పోయింది. ఇది ఆయన గుర్తున్నంత మట్టుకు మళ్ళీ రాసుకున్న నకలు. నా వృత్తి ప్రకారం చూస్తే, దేనికీ చెల్లదు. ఆ పేజీలో ఆఖరి గీత మీద ఉన్నది, విమానం రిపేరుకు లొంగదు, పనికిరాదు అని. కింద ఆయన సంతకం.

"నేను గిన్నేండ్లల ఒక్క అబద్ధం రాయలే బిడ్డా. గీ ఒక్కటి రాసిన. గా దినం పొద్దుగాల నాలుగు ఇంజన్లు తిప్పి చూసిన. మంచిగుండె. ఆఫీసర్ వచ్చి, పైకెళ్ళి ఆర్డరొచ్చింది, అన్నిట్ల మీద గిట్లనే రాయిమన్నడు. రాసిన. నెల తిర్గకముందే గొడ్డళ్ళతోటి కొట్టిండ్రు. నా సంతకంతోనే సచ్చింది అది."

"ఇప్పుడేం చెయ్యమంటవ్ ఆయన్ని?"

"గీని కింద ఆయన సంతకం కావాలె. బండి మంచిగుండె, తన ఆర్డర్ మీదనే నేను రాసిన్నని. గంతే."

నేను మధ్యాహ్నం తిండి టైములో ఆఫీసు మిషన్ మీద కొట్టి ఇచ్చాను. కార్బను కాపీ కూడా అడిగాడు. జవాబు రాలేదు. మూడు నెలలకోసారి మళ్ళీ కొట్టేదాన్ని. అదే ఉత్తరం, తేదీ మారేది.

ఈలోపు నాకు సేటు సంగతి తెలిసింది. గంజుకు మూత కొనడానికి చార్మినార్ వెళ్ళి, ఊరుకోలేక అడిగాను, నిజంగా ఇది విమానం రేకేనా అని. సేటు నవ్వి, పొట్ట పట్టుకుని మళ్ళీ నవ్వాడు.

"అరె అమ్మా, ఇమానం రేకును గంజు లెక్క వంచుతె పటుక్కున ఇర్గుతది. గది వేరే మాల్. మాకు రేకు ఫ్యాక్టరీకెళ్ళి లారీల వస్తది. గట్ల జెప్తె జల్ది పోతది మాల్, అందుకే అంటం."

నాకు గొప్ప సంతోషమైంది, ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది. నాలుగేళ్ళుగా నేను సంతకం పెట్టకపోవడం సరైన పనేనని రుజువు దొరికింది మరి. తిన్నగా కొట్టం పక్క గదికి పోయి, చెప్పులు కూడా విడవకుండా చెప్పేశాను. "బాపూ, గవి విమానం బోళ్ళు కావు. సేటు జూటా మాట చెప్తున్నడు."

ఆయన నిక్కరుకు గుండీ కుట్టుకుంటున్నాడు. దారం పంటితో తెంపాడు.

"నాకు తెల్వదా బిడ్డా? ఇరువై ఏండ్లు గా రేకు మీదనే కొట్టిన. మొదటి దినమే మీ అత్తమ్మ చెంబును కొట్టంగనే తెలిసింది."

చెప్పులు విడిచి గడప మీద కూర్చున్నాను.

"మరెందుకు తిర్గుతున్నవ్?"

"నా బండి ఏడ మంచిగుండె మొదాలు? ముక్కు ఒక బండిది, రెక్క ఇంకో బండిది, తోక ఎవనిదో. కాన్పూర్ల ఏరి అతికిచ్చిన్రు. నేను పదహారు ప్యాచులేసిన. మరి గది ఏ విమానం? పుస్తకంల ఒక్క నంబరుండె, గా నంబరు మీద సంతకం పడుతుండె, అందుకే అది విమానం. ఎవడన్న ఒకడు రోజు చూసి, బాగున్నదని రాస్తుంటె, అది నడుస్తనే ఉంటది."

"అయితే?"

"నేను రాసుడు ఆపుతె, గా అబద్ధమే ఆఖరి మాట అయితది. రాస్తనే ఉంటె, గది ఆఖరిది కాదు. రాయాలంటె ఏదన్న చూడాలె గద. ఉత్తగ రాస్తె మళ్ళ అబద్ధమే. అందుకే గంజులు చూస్తున్న."

లేచి వచ్చేశాను. అప్పుడు కూడా, తర్వాతి సోమవారం కూడా, సంతకం పెట్టలేదు.

ఆ మరుసటి నెలలో జవాబొచ్చింది. పోస్టుకార్డు. ఆఫీసరుగారు రిటైరై బెంగుళూరులో ఉంటున్నాడు, మేనకోడలి పెళ్ళికి సికింద్రాబాద్ వస్తున్నాడు, ఆదివారం పొద్దున గంటసేపు వీలవుతుందని.

సార్జెంట్ సాబ్ ఆ కార్డు పట్టుకుని గడప గడపా తిరిగాడు. ఆఫీసరు ఇన్స్పెక్షన్‌కు వస్తున్నాడు, విమానాన్ని బయటికి తీయాలి. అందరూ ఒప్పుకున్నారు. మా ఇంటికొచ్చి గంజు అడిగితే నేను కుదరదన్నాను.

"ఆదివారం అందరం ఇంట్లనే తింటం. పప్పు దేంట్ల వండాలె? ఆయన ముంగట అబద్ధం విమానం పెట్టుడు నాకు నచ్చలే, బాపూ."

"సరే బిడ్డా," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే మల్లమ్మ బర్లను గల్లీలోకి తోలి, కొట్టం ముందు జాగా ఊడ్చి, కళ్ళాపి చల్లింది. సార్జెంట్ సాబ్ ముగ్గుపిండితో విమానం ఆకారం గీశాడు. ఆ గీతల మీద బోళ్ళు పేర్చారు. పాల క్యాన్లు రెండు వరసలు అటూ ఇటూ రెక్కలు. బకెట్లు, తపేలాలు, బట్టలుతికే తొట్లు వెన్ను పొడుగూ. ముక్కు దగ్గర బియ్యం కడిగే జల్లి బుట్ట, లిబరేటర్‌కు ముక్కున అద్దాలుంటాయి కాబట్టి. తోకకు రెండు పెద్ద తాంబాళాలు నిలబెట్టారు. మా అత్తమ్మ చెంబు వాటి మధ్య కూర్చుంది, అక్కడ తుపాకీవాడు ఉండాలట. చక్రాలకు నెత్తి మీద పెట్టుకునే చుట్టకుదుర్లు. ఇంజన్లు నాలుగూ గంజులు, ఒక్కోదాని ముందు రెండు గరిటెలు అడ్డంగా, ఫంకాలకు. నాలుగింట్లో మూడే ఉన్నాయి. మూడోదాని జాగాలో ముగ్గుతో గుండ్రంగా గీసి వదిలేశాడు.

నేను మా గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. లోపల కిరసనాయిలు స్టవ్వు మీద, గంజులో పప్పు ఉడుకుతోంది.

ఆఫీసరు ఆటోలో వచ్చాడు. బర్లు అడ్డమై, గల్లీ మొగలో దిగి నడిచొచ్చాడు. లావుపాటి మనిషి, చేతికర్ర, నున్నటి గడ్డం. కొట్టం ముందుకొచ్చి ఆగిపోయాడు. సార్జెంట్ సాబ్ సెల్యూట్ కొట్టాడు. ఆ ఖాకీకి ఆ రోజు గంజి ఎక్కువైంది, చెయ్యి ఎత్తితే చప్పుడైంది.

"ఇదేమిటయ్యా?" అన్నాడు ఆఫీసరు.

"లిబరేటర్ సార్. ఇన్స్పెక్షన్‌కు తయార్."

ఆఫీసరు నవ్వుతాడేమోనని నాకు భయం వేసింది. అంతవరకూ నవ్వినదాన్ని నేనే, అయినా ఆయన నవ్వకూడదని గట్టిగా అనిపించింది. ఆయన కళ్ళద్దాలు తీసి, జేబురుమాలుతో తుడిచి పెట్టుకున్నాడు. చేతికర్ర మల్లమ్మకిచ్చాడు. జల్లి బుట్టకు ఎడమ పక్కకు పోయి, అక్కణ్ణుంచి నడక మొదలుపెట్టాడు. ఎక్కేముందు నడిపేవాడు విమానం చుట్టూ ఒకసారి తిరిగి చూడాలట. ఆ సంగతి మల్లమ్మకు తెలియదు. ఆయన చుట్టూ తిరుగుతుంటే ప్రదక్షిణమనుకుని, కర్ర చంకన పెట్టుకుని, చేతులు జోడించి వెనకాల నడిచింది. మల్లమ్మ వెనక మా అత్తమ్మ. అత్తమ్మ వెనక గల్లీ ఆడవాళ్ళందరూ.

"ఎడమ టైరు?" 

"ఓకే సార్."

"ఒకటి, రెండు ఇంజన్లు?" 

"ఓకే సార్."

తోక చుట్టూ తిరిగి కుడి రెక్క దగ్గరకొచ్చాడు. నాలుగో ఇంజను చూశాడు. ముగ్గు సున్నా దగ్గర నిలబడ్డాడు.

"మూడోది ఏదయ్యా?"

సార్జెంట్ సాబ్ అటెన్షన్‌లో ఉన్నాడు. నా పేరు చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు. "లేదు సార్," అన్నాడు.

"మూడింజన్లతో దిగొచ్చు. లేవకూడదు. నీకు నేను చెప్పాలా?"

"లేదు సార్."

సార్జెంట్ సాబ్ చెవులు ఎర్రబడ్డాయి. అది చూశాక నేను ఆగలేకపోయాను. లోపలికి పరుగెత్తి, మసిగుడ్డతో గంజు పట్టుకుని, ఉడుకుతున్న పప్పుతో సహా మోసుకొచ్చి ముగ్గు సున్నాలో పెట్టాను. మల్లమ్మ గరిటెలు రెండు దాని ముందు పడేసింది. ఆవిరి పైకి లేస్తోంది. ఆఫీసరు వంగి చూశాడు.

"వేడెక్కించే ఉంచారు. ఆయిల్?"

"తాలింపు ఇంకా వెయ్యలే సార్," అన్నాను.

"లేచే ముందు వేయండి," అన్నాడు. ఒక్కరు కూడా నవ్వలేదు.

ప్రదక్షిణం అయ్యింది. మల్లమ్మ కొట్టంలోంచి స్టూలు తెచ్చి వేసింది. సార్జెంట్ సాబ్ రిజిస్టరు తెరిచి, ఆ పేజీ ముందు పెట్టి, ఉత్తరాల్లో ఉన్నదే మళ్ళీ నోటితో చెప్పాడు. ఆఫీసరు చదివాడు.

"నాకు గుర్తు లేదయ్యా," అన్నాడు.

సార్జెంట్ సాబ్ పేజీని ఇంకొంచెం దగ్గరికి జరిపాడు.

"పై నుంచి కాగితం వచ్చింది, నేను కింద మీకు చెప్పాను. ఆ వారంలో ఎన్నింటి మీద రాయించానో. నీ బండి ఏదో, అది ఎలా ఉందో నాకు నిజంగా గుర్తు లేదు."

"మంచిగుండె సార్."

"నాకెలా తెలుస్తుంది?"

అయిపోయిందనుకున్నాను. మల్లమ్మ కర్ర ఇవ్వబోయింది. ఆయన తీసుకోలేదు. రెక్కల వైపు చూస్తున్నాడు.

"అయినా అప్పుడు మాత్రం నాకేం తెలిసేది?" అన్నాడు. "నువ్వు రాత్రంతా దాని కిందే పడుకుని లేచేవాడివి. పొద్దున నువ్వు సంతకం పెట్టేవాడివి, నేను పక్కన పెట్టి ఎక్కేవాణ్ణి. సముద్రం మీదికి పోయేవాణ్ణి. నిజమేనా అని ఒక్కసారైనా అడిగానా నిన్ను?"

"లేదు సార్."

"బాగుందంటున్నావు కదా. ఇటివ్వు."

పెన్సిలు దారం పొట్టిది. సార్జెంట్ సాబ్ మెడ వంచి దగ్గరగా నిలబడితే, ఆఫీసరు ఆ పెన్సిలుతోనే ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టాడు. అందరూ నా వైపు చూస్తే నేను తెలుగులో చదివి చెప్పాను. విమానం బాగుంది, పైన రాసినది నా ఆర్డరు మీద రాయించినది. కోర్టులో ఆ కాగితం చెల్లదు. గౌలిపురాలో చెల్లింది.

ఆఫీసరు కర్ర తీసుకుని గల్లీ మొగ వైపు నడిచాక, సార్జెంట్ సాబ్ రిజిస్టరు మూశాడు. కాన్వాసు మీది సామాన్లు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. మూడోసారి సుత్తె దగ్గర లెక్క తప్పాడు.

"ఇగ ఎవరి బోళ్ళు వాళ్ళు తీస్కపోండ్రి," అన్నాడు.

విమానాన్ని రెండోసారి విప్పడం ఆయన నిలబడి చూశాడు. ఈసారి గొడ్డళ్ళు లేవు. ఆడవాళ్ళు చెంబులు, బకెట్లు నడుమున పెట్టుకుని మాట్లాడుకుంటూ పోయారు. ఆఖరుకు రెక్కలు మాత్రం మిగిలితే, సాయంత్రం పాలకు టైమైందని మల్లమ్మ వాటినీ లోపలికి చేర్చింది.

మరుసటి సోమవారం ఆయన రాలేదు. అత్తమ్మ అలవాటు కొద్దీ బోళ్ళు బోర్లించి పెట్టి, తొమ్మిదింటి దాకా ఎదురుచూసింది. మల్లమ్మ క్యాను తీసుకుని గదికి పోతే, "సర్వీసు అయిపోయింది," అన్నాడట. "మరి నా క్యాను ఎవలు చూడాలె?" అని ఆవిడ మళ్ళీ లొల్లి. ఆయన బనీను, నిక్కరు మానేసి లుంగీ కట్టాడు. పెన్సిలు దారం తీసేశాడు. గల్లీ అంతా ఏదో పోగొట్టుకున్నట్టుండేది. నాకైతే చెంచాలు లెక్కపెట్టేవాళ్ళు లేక వంటిల్లు బోసిపోయింది.

ఒక మధ్యాహ్నం నేనే పిలిస్తే భోజనానికి వచ్చాడు. నాలుగేళ్ళలో మా ఇంట్లో పీట మీద కూర్చోవడం అదే మొదలు. పప్పు రెండుసార్లు వేయించుకున్నాడు. తిన్నాక గంజు ఖాళీ చేయించి, తనే కడిగి, బోర్లించి, జేబులోంచి పంచ్ తీశాడు. నక్షత్రం, గీత.

"గిది ఆఖరుది. జాగా ఉంచిన. నువ్వు చూసిన్నాడు పెట్టుకో."

"అట్లనే బాపూ," అన్నాను. పెట్టలేదు. ఆఫీసు, పిల్లలు, ఆ తర్వాత మసి. ఆయన గది ఖాళీ చేసి చెల్లెలి ఊరికి పోయాడు. రెండేళ్ళకు చనిపోయాడని మల్లమ్మకు కార్డొస్తే నేనే చదివి పెట్టాను. రిజిస్టరు ఏమైందో ఎవరికీ తెలియదు.

ఇదిగో, ఇన్నేళ్ళకు గంజు ఒళ్ళో పెట్టుకుంటే నాకు బుర్ర వెలిగింది. రిజిస్టరులో ఆయన ఇంజనని రాసుకుంటే రాసుకున్నాడు. నేను వద్దన్నాక మాత్రం ఆ రిజిస్టరును మళ్ళీ నా ముందుకు జరపలేదు, విమానం మీద సంతకం అడగలేదు. గంజు అడుగున, గంజు బాగుందా అని అడిగాడు. అది నేను చూసి చెప్పగలిగిందే. తొమ్మిదిసార్లూ దాన్ని తిప్పి కూడా చూడకుండా, చూడనిదానికి సంతకం పెట్టనని గొప్పలు పోయాను. చూడమనేగా ఆయన అడిగింది. నా మీద నాకే కోపం వచ్చింది.

గంజు నిండా నీళ్ళు పోసి, పొడి బండ మీద పెట్టి కూర్చున్నాను. చెమ్మ దిగలేదు. నీళ్ళు పారబోసి ఎండకు ఎత్తి చూశాను, సూదిబెజ్జం అంత వెలుతురు కూడా లేదు. చుట్టూ గరిటెతో కొట్టుకుంటూ, చెవి ఆనించి విన్నాను. ఎక్కడా బొంగురు లేదు. అప్పుడు మేకు, సుత్తె తెచ్చి, తొమ్మిదో గీత పక్కన నా పొడి అక్షరాలు చుక్కలు చుక్కలుగా కొట్టాను. పైన ఎనిమిది ఖాళీలనూ అలాగే వదిలేశాను. అవి చూడని రోజులు.

"అమ్మా, ఇస్తరా ఇయ్యరా?"

"ఇయ్య నాయనా. ఇంకా నడుస్తున్నది," అన్నాను.

ఆ రోజు పప్పు దాంట్లోనే వండాను. తాలింపు వేసే ముందు చెంచాలు లెక్కపెట్టుకున్నాను. సరిపోయాయి.